కొలిచి తెరవండి: వేడినీటి బుగ్గల గురించి పర్యాటక శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ పర్యాటక శాఖ మంత్రిగారికి,

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల బడిపిల్లల కోసం ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను మదనపల్లెలో సైన్సు చెప్పే టీచర్ని. భద్రాచలం పక్కన గుండాలలో గోదావరి ఇసుక తవ్వితే వేడినీళ్ళు ఊరతాయి. ఆ నీళ్ళ వేడిని మీ శాఖ క్రమం తప్పకుండా కొలిపించాలనీ, కొలిచిన లెక్కను అక్కడే తెలుగులో రాసి పెట్టించాలనీ, చిన్నపిల్లలు పాదాలు ముంచుకుని కూర్చునే చోటు ఒకటి కట్టించాలనీ నా మనవి. ఈ మూడూ జరిగితే మా పడమటి మండలాల పిల్లల్ని అంతదూరం తీసుకెళ్ళే ధైర్యం తల్లిదండ్రులకూ హెడ్మాస్టర్లకూ వస్తుంది.

గుండాల భద్రాచలానికి ఐదు కిలోమీటర్ల దూరం. పోలవరం ప్రాజెక్టు కోసం 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిపిన గ్రామాల్లో అదీ ఒకటి. ఇప్పుడు ఎటపాక మండలంలో ఉంది. రాములవారి గుడి తెలంగాణలో, వేడినీటి బుగ్గ ఆంధ్రలో. యాత్రికులు రెండు రాష్ట్రాలవాళ్ళూ వస్తారు, బాధ్యత మాత్రం మన రాష్ట్రానిది. చలికాలంలో బ్రహ్మ, విష్ణు, మహేశ్వరులు ఇక్కడికి వచ్చి స్నానం చేస్తారని భక్తుల నమ్మకం. ఆ నమ్మకంతోనే ఎన్నో కుటుంబాలు పిల్లాపాపలతో వెళ్ళి, ఇసుకలో గుంట తీసుకుని, ఊరిన నీళ్ళు ఒంటిమీద పోసుకుని వస్తాయి. తెలంగాణలోని భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో గుండాల పేరుతో ఒక మండలమే ఉంది. దారి అడిగేవాళ్ళు పొరబడకుండా ఈ సంగతి కూడా మీ శాఖ ప్రచార పత్రాల్లో ఉండాలి.

ఇంత దూరపు నీళ్ళతో మదనపల్లెవాళ్ళకేం పని అని ఎవరైనా అడగవచ్చు. మా పిల్లలకు ఆ నీళ్ళతో చాలా పని ఉంది.

మా కాళ్ళకింద రాయి సుమారు 250 కోట్ల ఏళ్ళనాటిది. బాహుదా, కౌండిన్య, పాలారు వానొస్తేనే పారే ఏర్లు. చెరువు నిండని ఏడు మాకు బోరే దిక్కు. టమాటా తోటకూ మల్బరీ తోటకూ వెయ్యడుగుల లోతునుంచి నీళ్ళు లాగే రైతులున్న ప్రాంతం మాది. ధనుర్మాసంలో తెల్లవారకముందే మోటారు వేస్తే కాలువలో పారే నీళ్ళమీద ఆవిరి లేస్తుంది. చలికి కొంకర్లు పోయిన చేతుల్ని ఆ నీళ్ళలో పెట్టి వెచ్చబరుచుకోవడం రైతుబిడ్డలకు చిన్నప్పటి నుంచీ అలవాటు. ఎండాకాలం మధ్యాహ్నం అవే నీళ్ళు చల్లగా తోస్తాయి. నీళ్ళ వేడి మారలేదని, చుట్టూ ఉన్న గాలే మారిందని తరగతిలో చెప్పగానే పిల్లలు తప్పకుండా ఒక ప్రశ్న వేస్తారు. ఇంకా లోతుకు పోతే ఇంకా వేడిగా ఉంటుందా సార్?

ఆ ప్రశ్నకు జవాబు కుప్పానికి దగ్గర్లోనే దొరుకుతుంది. కోలారు బంగారు గనులు అక్కడికి ఎంతో దూరం కాదు. తెలుగు కుటుంబాలు ఎన్నో ఆ గనుల్లో తరాలుగా పనిచేశాయి. 2001లో గనులు మూతబడ్డాయి గాని, తాతల నోట ఆ లోపలి ఉక్కపోత కబుర్లు ఇప్పటికీ వినబడతాయి. ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లు దాటి లోతుకు దిగింది. అడుగున రాయి వేడి 60 డిగ్రీల సెల్సియస్ దాకా పోయేది. మనుషులు పనిచెయ్యగలగాలని పైనుంచి చల్లబరిచిన గాలిని లోపలికి పంపేవారు. ఈ అంకెలతో మా పిల్లలు బల్లమీదే లెక్క కట్టగలరు. పైన 27, కింద 60 అనుకుంటే కిలోమీటరుకు పది పదకొండు డిగ్రీలు పెరిగినట్టు. వెయ్యడుగుల బోరంటే 300 మీటర్లు, అంటే పైనున్న నేలకన్నా మూడు డిగ్రీలు ఎక్కువ. తాము చేతులు కాచుకున్న నీళ్ళకూ గని లోపలి వేడికీ లెక్క ఒకటేనని తెలిసినప్పుడు పిల్లలకు కలిగే ఆశ్చర్యం ఏ పాఠ్యపుస్తకమూ ఇవ్వలేదు.

ప్రపంచంలో చాలాచోట్ల కిలోమీటరుకు 25 నుంచి 30 డిగ్రీలు పెరుగుతుంది. మాది చాలా పాత రాయి, నింపాదిగా చల్లారిన నేల, అందుకే ఇక్కడ అంత పెరగదు. గోదావరి లోయ సంగతి వేరు. రెండు పురాతన శిలాభూముల నడుమ కుంగి, బొగ్గు పొరలు నిండిన లోయ అది. దాని అంచులవెంట లోతైన పగుళ్ళున్నాయి. వాననీరు ఆ పగుళ్ళలో కిందికి ఇంకి, లోపల ఎంతోకాలం తిరిగి, వేడెక్కి, మరో పగులు పట్టుకుని పైకి వస్తుంది. అగ్నిపర్వతం లేకుండానే బుగ్గ పుడుతుంది. అదే లోయలో మణుగూరు దగ్గర పగిడేరులో సింగరేణి సంస్థ బొగ్గు కోసం వేసిన బోరు నుంచి వేడినీరు మోటారు అవసరం లేకుండా తనంతట తానే పైకి చిమ్ముతోంది. ఆ వేడితో కరెంటు తీసే 20 కిలోవాట్ల ప్రయోగాత్మక కేంద్రాన్ని సింగరేణి నెలకొల్పింది. నీళ్ళు దొరక్క వెయ్యడుగులు తవ్వే ఊళ్ళ పిల్లలు, నీళ్ళు తమంతట తామే వేడిగా పైకి వచ్చే ఊళ్ళను చూడాలి. నేల అన్నిచోట్లా ఒకేలా ఉండదని వాళ్ళకు అక్కడే అర్థమవుతుంది.

ఇంత మంచి పాఠానికి పిల్లల్ని తీసుకెళ్ళడానికి పెద్దలు ఎందుకు వెనకాడతారో కూడా చెప్పాలి. వాళ్ళ భయాలు ఉత్తవి కావు.

మొదటిది వేడి. గుండాలలో గుంట ఎక్కడ తీశారు, నదికి ఎంత దగ్గర, చల్లనీరు ఎంత కలిసింది అన్నదాన్నిబట్టి నీళ్ళ వేడి మారుతుంది. ఒక గుంటలో గోరువెచ్చగా ఉన్నాయని పక్కగుంటలో కాలు పెట్టడానికి లేదు. 60 డిగ్రీల నీళ్ళు తగిలితే కొన్ని సెకన్లలోనే చర్మం లోతుగా కాలుతుంది. పిల్లల చర్మం పలచన కాబట్టి వాళ్ళకు ఇంకా ముందే కాలుతుంది. కాలని వేడిలోనూ ప్రమాదముంది. బిందెడు నీళ్ళకన్నా చెంబెడు నీళ్ళు ముందు కాగినట్టు, పెద్దవాళ్ళకన్నా చిన్నపిల్లల ఒళ్ళు త్వరగా వేడెక్కుతుంది. వేడినీటి తొట్లలో నీళ్ళు 40 డిగ్రీలు దాటకూడదనీ, ఐదేళ్ళలోపు పిల్లల్ని అసలు దించవద్దనీ అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం చెబుతుంది. అమెరికాలోనే, 1872లో ఏర్పడిన ఎల్లోస్టోన్ జాతీయవనంలో, వేడినీటి బుగ్గల్లో పడి 20 మందికి పైగా చనిపోయారు. అయినా వాళ్ళు ఆ వనాన్ని మూసెయ్యలేదు. బుగ్గల చుట్టూ చెక్క నడకదారులు వేసి, దారి దిగవద్దని అడుగడుగునా రాసిపెట్టి, ఏటా లక్షలమందికి చూపిస్తున్నారు.

రెండోది ముక్కు. వెచ్చని మంచినీళ్ళలో, అడుగు బురదలో బతికే ఒక రకం అమీబా ముక్కులోంచి మెదడుకు చేరితే ప్రాణం దక్కడం చాలా కష్టం. ఈ జబ్బు అరుదు. ఆ నీళ్ళు తాగినా, ఒంటిమీద పడినా రాదు. కాని కేరళలో ఈ మధ్య వచ్చిన కేసులు తెలుగు తల్లిదండ్రుల్ని కూడా కలవరపెట్టాయి. 46 డిగ్రీల వేడిలో కూడా ఆ జీవి పెరుగుతుంది కాబట్టి బుగ్గల దగ్గర పిల్లల తల నీళ్ళలో మునగకూడదు, అడుగు కలియబెట్టే ఆటలు ఆడకూడదు. గుంట తవ్వే పని పెద్దలే చేసి, నీళ్ళు తేరుకున్నాక పిల్లల్ని పిలవాలి. తీర్థం అనగానే పిల్లల్ని పట్టుకుని మూడు మునకలు వేయించడం మనకు అలవాటు. పిల్లలకు పాదాలు తడిపి నెత్తిన నాలుగు చుక్కలు చిలకరిస్తే చాలు. ప్రోక్షణ కూడా మన ఆచారమే, పుణ్యానికి లోటు రాదు.

మూడోది తాగడం. వేడినీరు రాళ్ళలోని లవణాల్ని ఎక్కువగా కరిగించుకుంటుంది. అందుకే ఇలాంటి బుగ్గల నీళ్ళలో ఫ్లోరైడు, కొన్నిచోట్ల ఆర్సెనిక్ హద్దు మీరి ఉంటాయి. ఫ్లోరైడు నీళ్ళు పళ్ళనూ ఎముకల్నీ ఏం చేస్తాయో రాయలసీమవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. తీర్థమని సీసాల్లో పట్టుకొచ్చి ఇంట్లో పిల్లలకు తాగించే ముందు పరీక్ష జరిగి ఉండాలి.

నాలుగోది గోదావరి. బుగ్గలున్నది నది ఇసుకలో. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జూలైలో నది 71 అడుగులు దాటింది. 1986లో 75 అడుగులు మించింది. వానాకాలంలో ఆ ఒడ్డుకు పిల్లల్ని తీసుకెళ్ళే ఆలోచనే వద్దు. నీరు తగ్గాక కూడా ఇసుక కింద లోతు గుంటలు కనబడకుండా ఉంటాయి. ఎక్కడిదాకా నడవవచ్చో, ఎక్కడ ఆగాలో తాడు కట్టి చూపించే మనిషి అక్కడ ఉండాలి.

ఈ నాలుగు భయాలకూ ప్రపంచంలో తెలిసిన మందులున్నాయి. జపానులో 1948లో చేసిన వేడిబుగ్గల చట్టం ప్రకారం, బుగ్గ నీళ్ళతో స్నానం చేయించే ప్రతి చోటా ఆ నీళ్ళలో ఏముందో, ఎవరు దిగకూడదో రాసి గోడకు పెట్టాలి. బరంపురం తెలుగువాళ్ళకు బాగా తెలిసిన తప్తపాణి ఒడిశాలోని గంజాం జిల్లాలో ఉంది. అక్కడ బుగ్గను పవిత్రంగా వేరుగా ఉంచి, దాని నీళ్ళను స్నానాలకు మరో కొలనులోకి మళ్ళించారు. బుగ్గ పుట్టేచోటునూ మనుషులు దిగేచోటునూ విడదీశారంటే సగం ప్రమాదం పోయినట్టే. హిమాచల్‌లోని మణికరణ్‌లో బుగ్గ నీళ్ళలో బియ్యం మూటగట్టి వేసి అన్నం వండుతారు. అంత వేడి నీళ్ళున్న ఊరికి కూడా కుటుంబాలు పిల్లలతో వెళ్ళి వస్తున్నాయంటే స్నానానికి వేరే ఏర్పాటు ఉండబట్టే. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా 2022లో వెలువరించిన భూతాప అట్లాసులో దేశం మొత్తంమీద 381 చోట్లు గుర్తించారు. వాటిలో పిల్లలు క్షేమంగా చూడదగ్గ మొదటి చోటుగా మన గుండాలను నిలబెట్టే అవకాశం మీ చేతుల్లో ఉంది.

అందుకు మీ శాఖను కోరేవి ఇవి.

కొలత ముందు జరగాలి. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ దశాబ్దాలుగా మన నేల వేడిని కొలుస్తోంది. వాళ్ళ సాయంతో చలికాలంలో, ఎండాకాలంలో గుండాల నీళ్ళ వేడి, ఫ్లోరైడు, ఆర్సెనిక్, సూక్ష్మజీవుల లెక్క తీయించండి. ఆ తర్వాత బోర్డు పెట్టించండి. తెలుగుతోపాటు కోయ మాటల్లోనూ, చదవలేనివాళ్ళకోసం బొమ్మలతోనూ ఉండాలి. ఆ రోజు వేడి ఎంతో సుద్దముక్కతో రాసే ఖాళీ కూడా అందులో ఉండాలి. ఆ లెక్క రాయడానికి రోజూ ఒక మనిషిని పెట్టండి.

బుగ్గ నీళ్ళను గొట్టంతో మళ్ళించి, 38 డిగ్రీలకు మించకుండా చల్లబరిచి, మోకాలిలోతు దాటని తొట్టి ఒకటి కట్టించండి. వరదకు పోయినా మళ్ళీ తేలిగ్గా వేసుకునేలా దాన్ని గట్టుమీద కట్టాలి. పక్కనే ఆడపిల్లలు బట్టలు మార్చుకునే గదులు, మరుగుదొడ్లు, తాగే నీళ్ళు, నీడ ఉండాలి. బడినుంచి పిల్లల్ని తీసుకెళ్ళే ఏ టీచరమ్మ అయినా మొదట అడిగేది వీటి గురించే.

ఇది ఏజెన్సీ నేల. 1970 నాటి భూబదలాయింపు నిబంధన ప్రకారం అక్కడి భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదు. 1996 నాటి పెసా చట్టం గ్రామసభకు మాట చెల్లే హక్కునిచ్చింది. గుండాలను బాగుచేసే పేరుతో ప్రైవేటు రిసార్టులకు దారి తెరవవద్దని ప్రత్యేకంగా కోరుతున్నాను. కాపలా, దారి చూపడం, రోజువారీ కొలత, తినుబండారాల అంగడి, వాహనాలు నిలిపే చోటు అన్నీ అక్కడి యువతకే అప్పగించండి. వాళ్ళకు ఈత రక్షణలో, ప్రథమ చికిత్సలో శిక్షణ ఇప్పించండి. నది స్వభావం వాళ్ళకు తెలిసినంత మనకెవరికీ తెలియదు. మా పిల్లలు కట్టే టికెట్టు డబ్బులు ఆ ఊళ్ళోనే మిగలాలి.

ఇక దారి. మీ పర్యాటక అభివృద్ధి సంస్థకు మా మదనపల్లె కొత్త కాదు. హార్స్లీ కొండమీద మీ వసతి గృహం ఉంది. బడిపిల్లల కోసం అక్కడినుంచే ఒక యాత్ర ఏర్పాటు చెయ్యండి. కడప మీదుగా నంద్యాల దగ్గర మహానంది మొదటి మజిలీ. అక్కడి కోనేళ్ళలో నీరు అద్దంలా తేటగా ఉంటుంది. చలికాలంలో వెచ్చగా, ఎండాకాలంలో చల్లగా తోస్తుంది. మా బోరు పాఠమే అక్కడ గుడిలో కనిపిస్తుంది. రెండో మజిలీ గుండాల. వీలైతే సింగరేణివారి అనుమతితో పగిడేరు కేంద్రం కూడా చూపించాలి. రైల్లో వెళ్ళేవాళ్ళకు తిరుపతి నుంచి ఖమ్మం దాకా బండ్లున్నాయి, అక్కడినుంచి భద్రాచలానికి రోడ్డుమీద సుమారు 120 కిలోమీటర్లు. పిల్లలకు సగం ధర, టీచర్లకు ముందే ఇచ్చే భద్రతా పుస్తకం, ప్రతి పదిమంది పిల్లలకూ ఒక పెద్దదిక్కు అన్న నియమం, ఇవి చేరితే ఏ బడీ వెనకాడదు.

మీరు చేసే ఏర్పాట్లు వచ్చేలోపు కూడా కుటుంబాలు వెళ్తూనే ఉంటాయి. అందుకని ఈ ఉత్తరం చదివే తల్లిదండ్రులతో రెండు మాటలు. జ్వరం చూసే థర్మామీటరు తీసుకెళ్ళవద్దు, అది 42 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. బడి ప్రయోగశాలలో వాడే 110 డిగ్రీల థర్మామీటరు అడిగి పట్టుకెళ్ళండి. ముందు థర్మామీటరు, తర్వాత పెద్దవాళ్ళ మోచెయ్యి, ఆ తర్వాతే పిల్లల పాదం. పది నిమిషాలు చాలు. మొహం ఎర్రబడినా, తల తిరుగుతోందన్నా వెంటనే నీడకు తీసుకెళ్ళి మంచినీళ్ళు తాగించండి. పొరబాటున కాలితే పేస్టు, ఇంకు, ఐసుగడ్డ ఏదీ పెట్టవద్దు. మామూలు చల్లనీళ్ళు ఇరవై నిమిషాలపాటు ధారగా పోసి, శుభ్రమైన గుడ్డ కప్పి, 108కి ఫోన్ చెయ్యండి. ఒంటిమీద పుండ్లున్న పిల్లల్ని, గర్భిణుల్ని, గుండెజబ్బున్న పెద్దల్ని గట్టుమీదే కూర్చోబెట్టండి. చూడడానికి రావడం కూడా రావడమే.

మంత్రిగారూ, కాళ్ళకింది నేల సంగతి తెలియకుండా పెరిగే పిల్లలకు నీళ్ళు ఎక్కడినుంచి వస్తాయో, ఎందుకు అడుగంటుతాయో కూడా తెలియదు. రేపు బోరు ఎంత లోతు వెయ్యాలో, ఎక్కడ ఆపాలో నిర్ణయించేది మా బెంచీల మీద ఇప్పుడు కూర్చున్న పిల్లలే. వాళ్ళకు భూమిమీద ఆసక్తి పుట్టించే చోటు మన రాష్ట్రంలోనే ఉంది. దాన్ని ప్రమాదమని వదిలెయ్యకూడదు, వినోదమని అమ్ముకోకూడదు. కొలిచి, కాపలా పెట్టి, పిల్లలకోసం తెరవాలి.

అన్ని పనులూ ఒక్క ఏడాదిలో కావని తెలుసు. ఈసారి గోదావరి తగ్గాక మొదట ఒక థర్మామీటరు, ఒక బోర్డు, శిక్షణ ఉన్న ఒక ఊరి మనిషి, ఈ మూడింటినీ గుండాలలో ఉంచండి. అవి వచ్చిన ఏడాదే మదనపల్లె, పుంగనూరు, కుప్పం బడుల నుంచి పిల్లల బస్సు బయలుదేరేలా తోటి టీచర్లతో, తల్లిదండ్రులతో మాట్లాడి ఒప్పించే పూచీ నాది. పిల్లలు అక్కడ రాసుకున్న వేడి లెక్కలన్నీ మీ శాఖకు పంపిస్తాం. ఏటేటా అవి పోగైతే గుండాల నీళ్ళ చరిత్రగా మీకే పనికొస్తాయి. మీ జవాబుకోసం ఎదురుచూస్తుంటాం.

ఇట్లు,
మదనపల్లె నుంచి
ఒక సైన్సు టీచరు